తప్పక చూడండి అని రాయని పత్రిక

రాత్రి ఎనిమిదింటికి మొదలయ్యే కార్యక్రమం తొమ్మిది దాకా నడుస్తుందని టీవీ స్టేషను నెలనెలా పంపే కార్యక్రమాల గైడ్‌లో ఉంది. దాని కింది వరసలోనే, అదే చానెల్‌లో, ఎనిమిదిన్నరకు ఇంకొకటి మొదలవుతుందని ఉంది. ఒకే పట్టాల మీదికి ఎదురెదురుగా రెండు రైళ్ళు వదిలినట్టు. నేను రైల్వేలో టైమ్‌టేబుల్ విభాగంలో పనిచేసి రిటైరయినదాన్ని. అలాంటిది కనిపిస్తే ఊరుకోవడం నాకు చేతకాదు. మా ప్రాంతపు పబ్లిక్ టీవీ స్టేషనుకు ఉత్తరం రాశాను. పేజీ, వరస, రెండు సమయాలు రాసి, వీటిలో ఏది నిజమో తెలియజేయమని అడిగాను.

వారం తిరక్కుండా ఫోన్ వచ్చింది. గైడ్ సంపాదకురాలు తానేనని చెప్పుకుని, ముందు తప్పు ఒప్పుకున్నారు, తరువాత అది ఎలా జరిగిందో చెప్పారు, ఆ తరువాత ధన్యవాదాలు చెప్పారు. ఆ వరస నాకు నచ్చింది. చాలామంది మూడోదానితో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. చివరలో, అచ్చుకు వెళ్ళేముందు పేజీలు ఒకసారి చూసిపెడతారా అని అడిగారు. జీతం లేని పని. అమెరికాలో, ప్లెయిన్స్‌బరో అనే ఊళ్ళో, మా అమ్మాయి ఇంట్లో పప్పు పొయ్యి మీద పెట్టి విజిళ్ళు లెక్కపెడుతున్న నాకు ఆ మాట ప్రమోషన్ ఆర్డరులా వినిపించింది.

ఇక్కడి పబ్లిక్ టీవీ అంటే ప్రభుత్వం టీవీ కాదు. ప్రేక్షకులు ఇచ్చే చందాలతో, బయటినుంచి వచ్చే సాయంతో నడుస్తుంది. ప్రకటనలు వేయరు. సాయం చేసిన వ్యాపారికి తెర మీద కృతజ్ఞత చెబుతారు, దానికీ హద్దులున్నాయి. ఆ వ్యాపారి పేరు చెప్పవచ్చు, ఊరు చెప్పవచ్చు, ఏమి అమ్ముతాడో చెప్పవచ్చు. ధర చెప్పకూడదు. మిగతావాళ్ళకంటే మేలని చెప్పకూడదు. వచ్చి కొనండి అని పిలవకూడదు. ఈ నియమం ప్రసారంలో చెప్పే మాటకే గాని కాగితానికి కాదు. గైడ్‌లో ఎవరిని ఎంత పొగిడినా అడిగేవారు లేరు. కాని సంపాదకురాలు ఆ నియమాన్ని తీసుకొచ్చి కాగితానికి కూడా పెట్టుకున్నారు. ఎందుకని అడిగితే, స్టేషను ఒక గొంతుతోనే మాట్లాడాలి గాని తెర మీద ఒకటి, పేజీలో ఒకటి ఉండకూడదన్నారు.

ఆ స్టేషను రెండో చానెల్‌లో శనివారం ఉదయం తొమ్మిదిన్నరకు ఒక తెలుగు అరగంట వస్తుంది. ఇంటిమీద యాంటెన్నా ఉంటే చాలు, డబ్బు కట్టనక్కరలేదు. మా అపార్ట్‌మెంట్లలో తెలుగువాళ్ళు ఎక్కువ. వాళ్ళలో పెద్దవాళ్ళు చాలామందికి అలాంటిది ఒకటుందనే తెలియదు. అందుకని స్టేషనువాళ్ళు ఇంగ్లీషు గైడ్‌తో పాటు నాలుగు పేజీల తెలుగు గైడ్ కూడా వేయాలనుకున్నారు. ఆ పని నాకు అప్పగించారు. సంపాదకురాలికి తెలుగు అక్షరం ఒక్కటి రాదు. అయినా ఆ నాలుగు పేజీల్లో ఆవిడ అనుమతి లేకుండా ఒక్క మాట కూడా వెళ్ళలేదు.

నెలకొకసారి మా ఊరి లైబ్రరీలో కిటికీ పక్క బల్ల దగ్గర కలుసుకునేవాళ్ళం. నేను రాసింది వాక్యం వాక్యం ఇంగ్లీషులో చెప్పాలి. మొదటి నెలే పేచీ వచ్చింది. తెలుగు అరగంటకు సాయం చేస్తున్న మిఠాయి కొట్టు గురించి నేను ఒక వాక్యం రాశాను. స్వచ్ఛమైన నేతితో చేసిన నోరూరించే మిఠాయిలకు దయచేయండి అని. మనవాళ్ళ కొట్టు గురించి అంతకంటే తగ్గించి రాస్తే బాగుండదని నా ఉద్దేశం.

"నోరూరించే అన్నారు. ఎవరి నోరు?" అని అడిగారు ఆవిడ. మాటలన్నీ ఇంగ్లీషులోనే నడిచేవి, నేను తెలుగులో రాస్తున్నాను.

"ఎవరిదైనా."

"అందరినీ అడిగారా?"

అడగలేదు. ఆ మాట పోయింది. దయచేయండి అంటే పిలవడం, అదీ పోయింది. స్వచ్ఛమైన దగ్గర కాసేపు వాదించాను. నెయ్యి స్వచ్ఛంగా ఉందని ఎవరు పరీక్ష చేశారని అడిగారు. చివరికి మిగిలింది ఇది: నేతితో చేసిన మిఠాయిలు, బుధవారం తప్ప అన్ని రోజులూ. అది చూసి కొట్టు యజమాని నన్ను నిలదీశాడు.

"ఆంటీ, ఇది మా షాప్ గురించా, లేకపోతే మునిసిపాలిటీ నోటీసా?"

నాకూ అలాగే అనిపించింది గాని ఒప్పుకోలేదు. తరువాతి నెలలో అతనే చెప్పాడు, బుధవారం వచ్చి తలుపు లాగిచూసి వెనక్కిపోయేవాళ్ళు తగ్గారని. ఆ ముక్క ఆవిడకు చెబితే, మనం రాసినదాంట్లో పనికొచ్చే మాట అదొక్కటే అన్నమాట అని నవ్వారు.

కార్యక్రమాల గురించి రాసేటప్పుడు కూడా అంతే. మనవాళ్ళకు తప్పక అనే మాట లేకుండా పిలవడం రాదు. పెళ్ళికి గాని, పేరంటానికి గాని, తప్పక రండి అనకపోతే రావద్దని చెప్పినట్టే లెక్క. నేను ప్రతి కార్యక్రమం కిందా తప్పక చూడండి అని రాసుకొచ్చాను. ఆవిడ అన్నింటినీ కొట్టేశారు. చూడాలో వద్దో చదివేవాళ్ళ ఇష్టం, ఏముందో చెప్పడం వరకే మన పని అన్నారు. దానికి నేను, అలాగైతే ఎవరూ చూడరు అన్నాను. అప్పుడు ఆవిడ నన్ను ఒక ప్రశ్న అడిగారు. మీ టైమ్‌టేబుల్‌లో ఫలానా రైలు చాలా బాగుంటుందని రాసేవారా అని. రాసేవాళ్ళం కాదు. ఏ ఊళ్ళో బయలుదేరుతుందో, ఎక్కడెక్కడ ఆగుతుందో, ఎప్పుడు చేరుతుందో రాసేవాళ్ళం. అది నమ్మే జనం స్టేషనుకు వచ్చేవాళ్ళు. ఇన్నేళ్ళ నా ఉద్యోగాన్ని ఆవిడ ఒక్క ప్రశ్నతో నాకే కొత్తగా చూపించారు.

ఆవిడ పెట్టుకున్న ఇంకో నియమం, కార్యక్రమం మొదటినుంచి చివరిదాకా చూడకుండా దాని గురించి ఒక్క వరస కూడా రాయకూడదని. తెలుగు అరగంటను కూడా నాతో పాటు కూర్చుని చూసేవారు. అర్థంకాని చోట ఆపించి అడిగేవారు. ఒకసారి మునగాకు వంటల కార్యక్రమానికి నేను రాసిన వరసలో కారప్పొడి అని ఉంది. పొడి కొట్టడం చూపించలేదు, పొడి సీసా మాత్రమే చూపించారు, కాబట్టి చేసే విధానం చూపిస్తారని అనుకునేవాళ్ళు మోసపోతారు అన్నారు. నిజమే. వరస మార్చాం. తెలుగు రాని మనిషి తెలుగు వంటలో తప్పు పట్టుకున్నారని ఆ రోజు ఇంటికెళ్ళి మా అమ్మాయికి చెప్పాను. "నీకు సరిజోడు దొరికిందమ్మా, ఇంక మమ్మల్ని వదిలేయ్" అంది మా అమ్మాయి.

మాకు పోటీగా ఒక వారపత్రిక ఉండేది. ఇండియన్ సరుకుల కొట్లో, బిల్లు కట్టే చోట, కరివేపాకు కట్టల పక్కన ఉచితంగా దొరికేది. నిండా రంగులు. కేబుల్‌లో వచ్చే తెలుగు చానెళ్ళ సీరియళ్ళు, సినిమాలు, వాటి బొమ్మలు, మధ్యలో నగల కొట్లు, ఇళ్ళ బ్రోకర్లు. ప్రతి కార్యక్రమానికీ నక్షత్రాలు వేసేవాళ్ళు. నేను అందులో నాలుగు నక్షత్రాలకు తక్కువ ఏనాడూ చూడలేదు. మా తెలుగు అరగంట కూడా చివరి పేజీలో ఒక మూల ఉండేది, దానికీ నాలుగు నక్షత్రాలు, ఎవరూ చూడకుండానే.

ఆ పత్రిక నడిపేది ఒక తెలుగు అబ్బాయి. అబ్బాయి అన్నానే గాని నలభై దాటినవాడు. పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సాయంత్రం పత్రిక. మంచివాడే, మర్యాద తెలిసినవాడు. కొట్లో కనిపిస్తే నా సంచీ మోసి కార్‌లో పెట్టేవాడు. "ఆంటీ, మీ గైడ్ బ్లాక్ అండ్ వైట్‌లో ఉంటే ఎవరు చదువుతారు? కొంచెం మసాలా వేయండి" అని ఏడిపించేవాడు. మసాలా వేసేవాళ్ళు వేరే ఉన్నారుగా అనేదాన్ని.

జనం అతని పత్రికే ఎక్కువ తీసుకునేవాళ్ళు. అది నిజం. పోటీ అన్నాను గాని, మా చేతులు మేమే కట్టేసుకున్న పోటీ. మా గైడ్ గురించి తెర మీద చెప్పాల్సి వస్తే, ఇలాంటి గైడ్ ఒకటుంది, కావలసినవారికి పోస్టులో పంపుతాం అని మాత్రమే చెప్పేవాళ్ళు. పక్క పత్రికకంటే మాది నమ్మకమైనదని చెప్పడానికి వీల్లేదు, అది నిజమైనా సరే. అంతకంటే నాకు మింగుడుపడనిది మరొకటి ఉంది. నెల షెడ్యూలు తయారవగానే ఆవిడ దాన్ని అన్ని పత్రికలకూ ఒకే గంటలో పంపేవారు. మా గైడ్‌కు ఒక్క పూట కూడా ముందు ఇచ్చేవారు కాదు. పక్క గదిలో తయారైన షెడ్యూలు మాకూ, కరివేపాకు పక్కన ఉండే పత్రికకూ ఒకేసారి అందేది. చందాలిచ్చేది జనం, కాబట్టి షెడ్యూలు జనానిది, మన గైడ్ కూడా మిగతా పత్రికల వరసలో నిలబడాలి అనేవారు. మాట కాదనలేను. కడుపుమంట మాత్రం ఉండేది.

కిందటి వేసవి ముందు స్టేషను మేనేజరు ఒక మాట చెప్పారు. అచ్చు ఖర్చు పెరిగింది, తెలుగు పేజీలు కొనసాగించాలో ఆపాలో జూన్ సంచిక తరువాత నిర్ణయిస్తామని. ఆ సంచికతో పాటు ప్రతి ఇంటికీ తిరుగు పోస్టుకార్డు పంపుతారు. అందులో ఒకటే ప్రశ్న: ఈ నెల తెలుగు కార్యక్రమం సమయం మీకు ఎలా తెలిసింది? ఈ గైడ్ ద్వారా, వేరే పత్రిక ద్వారా, ఎవరో చెబితే. ఒకదానికి టిక్కు పెట్టి పోస్టు డబ్బాలో వేయాలి. మొదటిదానికి టిక్కులు ఎక్కువుంటే మా పేజీలు నిలబడతాయి. లేకపోతే లేదు. న్యాయమైన ప్రశ్న అన్నారు ఆవిడ. ఆ ప్రశ్న రాసింది కూడా ఆవిడేనని తరువాత తెలిసింది.

ఆ నెల మొదటి వారం కార్యక్రమం మీద నాకు మంచి ఆశ ఉంది. మా అపార్ట్‌మెంట్లలోనే ఒక డ్రిల్లు మాస్టారున్నారు. ఉద్యోగం చేసిన రోజుల్లో పగలు విజిల్ ఊది, రాత్రిళ్ళు పద్య నాటకాలు ఆడిన మనిషి. డెబ్బై దాటినా గొంతు తగ్గలేదు. సాయంత్రం టెన్నిస్ కోర్టు పక్క బెంచీ మీద కూర్చుని రాగం తీస్తే ఆడేవాళ్ళు బంతి వదిలేసి చూసేవాళ్ళు. స్టేషనువాళ్ళు మా క్లబ్‌హౌస్‌లో ఆయన చేత పద్యాలు పాడించి రికార్డు చేశారు. మా కాంప్లెక్సులోని పెద్దలమందరం కుర్చీలు వేసుకుని ప్రేక్షకులమయ్యాం.

రికార్డు చేసే అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. అన్నీ సవ్యంగా నడుస్తుండగా, మాస్టారు ఒక పద్యం చివర రాగాన్ని ఎక్కడికో తీసుకెళ్ళి తెచ్చి దింపారు. వెనక వరసలోంచి ఎవరో "వన్స్ మోర్" అన్నారు. అందరం అందుకున్నాం. మాస్టారు తలవంచి, మళ్ళీ మొదటినుంచి ఆ పద్యం పాడారు. పాత నాటకాలు చూసినవాళ్ళకు ఇందులో వింతేమీ లేదు. జనం అడిగితే చచ్చిపడిన పాత్రయినా లేచి పద్యం పాడి మళ్ళీ పడుకోవాల్సిందే. కాని ఆ పిల్లకు అర్థం కాలేదు.

"అంకుల్, ఫస్ట్ టేక్ బాగానే వచ్చింది. మల్లీ ఎందుకు పాడారు?"

"టేకు కాదు తల్లీ. సభ అడిగింది. అడిగితే పాడకపోతే నేనేం నటుణ్ణి?"

రెండోసారి పాడటంతో కార్యక్రమం అరగంటలో పట్టలేదు. ఆ పిల్ల రెండోసారి పాడింది తీసేసి చూసింది. అలా తీసేస్తే, జనం వన్స్ మోర్ అని అరవడం, ఆయన పట్టించుకోకుండా ఇంకో పద్యానికి వెళ్ళిపోవడం కనిపిస్తుంది. మాస్టారు అది చూసి, అంత పొగరుబోతుగా నన్ను చూపిస్తే అసలు వేయకండి అన్నారు. అరుపులు కూడా తీసేస్తే చప్పట్లు అతకలేదు. చివరికి స్టేషనువాళ్ళే దిగొచ్చి, శనివారం ఉదయం అరగంట బదులు, ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు నలభై నిమిషాలు ఇచ్చారు.

మంచి పనే. కాని అప్పటికి మా జూన్ గైడ్ అచ్చయి, పోస్టులో వెళ్ళిపోయింది. అందులో శనివారం తొమ్మిదిన్నర అని ఉంది.

మంగళవారం మధ్యాహ్నం ఆవిడ ఫోన్ చేసి సంగతి చెప్పారు. ఇంగ్లీషు గైడ్ చదివేవాళ్ళకు స్టేషను నుంచి చీటీలు పంపుతున్నారట, తెలుగువాళ్ళకు తెలుగులో నేను రాసివ్వాలి. అవి శనివారానికి అందుతాయన్న నమ్మకం లేదు. తరువాత ఆవిడ అడిగారు, ఆ వారపత్రిక అచ్చుకు వెళ్ళేది ఎప్పుడని.

"బుధవారం పొద్దున."

"అయితే ఇప్పుడే అతనికి చెప్పండి. వాళ్ళది సరిగ్గా వస్తుంది."

 ఆ పత్రికలో కూడా అప్పటికి పాత సమయమే ఉంటుంది. మేము చెప్పకపోతే రెండు పత్రికలూ తప్పే. చెబితే వాళ్ళది ఒప్పు, మాది తప్పు. ఆ వారమే జనం కార్డులు నింపేది. సమయం ఎలా తెలిసిందంటే, జనం ఏ గడిలో టిక్కు పెడతారో నాకు కళ్ళకు కట్టింది. అదే ఆవిడతో అన్నాను. మన చందాదారులకు ఫోన్లు చేద్దాం, నేను చేస్తాను, వాళ్ళ పత్రికకు మాత్రం ఇప్పుడు చెప్పొద్దు, వచ్చే నెల షెడ్యూలు మామూలుగా పంపుదాం అన్నాను.

"వాళ్ళ పత్రిక చూసి టీవీ పెట్టేవాళ్ళు ఎవరి ప్రేక్షకులు?" అని అడిగారు ఆవిడ.

"మనవాళ్ళే."

"శనివారం పొద్దున్నే వాళ్ళు టీవీ ముందు కూర్చుంటే ఏమి వస్తుంది?"

"ఇంకేదో వస్తుంది."

"అందుకే చెప్పమంటున్నాను."

గొంతు పెంచలేదు. నాకు నీతి చెప్పలేదు. ఆ నాలుగు పేజీలు పోతే ఆవిడకు కూడా పోయేది ఉంది. తెలుగు పేజీలు కావాలని మేనేజరుతో పోట్లాడి తెచ్చుకున్నది ఆవిడే. అయినా వెంటనే, ఆ పత్రికకు ఇవ్వాల్సిన వరస ఏమిటో చెప్పండి, రాసుకుందాం అన్నారు. ఎప్పటిలాగే పద్ధతి ప్రకారం. రోజు, సమయం, ఎంతసేపు, ఏమి. నేను చెబుతున్నాను, ఆవిడ అడుగుతున్నారు. అసలు అరగంట నలభై నిమిషాలు ఎందుకయింది? చెప్పాను, వన్స్ మోర్ సంగతి. జనం అడగడం ఏమిటో, పాడినవాడు మళ్ళీ పాడటం ఏమిటో, అలా అడిగించుకోవడం పాడేవాడికి ఎంత గొప్పో చెప్పాను. ఆవిడ చాలాసేపు విన్నారు.

"అది జరిగిన విషయమే కదా. రాయండి" అన్నారు.

అలా ఆ వరస తయారైంది: పద్య నాటకాల్లోని పద్యాలు. ఆదివారం సాయంత్రం 4:00 నుంచి 4:40 వరకు. ఒక పద్యం రెండుసార్లు వస్తుంది, సభలోనివారు అడిగినందువల్ల.

నేను ఆ చివరి వాక్యాన్ని పైకి చదువుకున్నాను. అందులో ఒక్క పొగడ్త లేదు. నియమాల పుస్తకం తెచ్చి పక్కన పెట్టినా తప్పు పట్టడానికి లేదు. కాని పద్య నాటకం తెలిసిన ఏ తెలుగువాడైనా ఆ వాక్యం చదివి ఊరుకోలేడు. అద్భుతం, అమోఘం అని నేను పేజీ నిండా రాసినా అంత పిలుపు అందులో ఉండదు. మన ఆచారం ఏమిటో గంట ముందు దాకా తెలియని మనిషి, ఆ ఆచారంలో అసలు బలం ఎక్కడుందో పట్టుకున్నారు.

వారపత్రిక అబ్బాయికి ఫోన్ చేశాను. సమయం మారిందని, రేపటి సంచికలో సరిచేయమని చెప్పాను.

"థాంక్స్ ఆంటీ. ఒక్క డౌట్. మీ గైడ్‌లో మార్చారా మరి?"

"మాది అచ్చయిపోయింది."

"అంటే మీది తప్పు, మాది కరెక్ట్. ఇది మీకు లాస్ కదా?"

"లాసే."

"మరి నాకెందుకు చెప్తున్నారు?"

"మా సంపాదకురాలు చెప్పమన్నారు. నేను వద్దన్నాను."

అతను సమయం ఇంకోసారి అడిగి రాసుకున్నాడు. తరువాత, మొదటి పేజీలో పెడతానన్నాడు. పెట్టుకో గాని, మేమిచ్చిన వరస ఇచ్చినట్టే వేయాలి, ఏమీ చేర్చకూడదు అన్నాను.

"ఒక్క స్టార్ కూడా వద్దా ఆంటీ?"

"వద్దు నాయనా."

మాట నిలబెట్టుకున్నాడు. మొదటి పేజీలో, ఒక నెక్లెస్ బొమ్మకూ ఇళ్ళ బ్రోకరు నవ్వుకూ మధ్య, నల్ల అక్షరాల్లో ఆ మూడు వాక్యాలు. చుట్టూ అన్ని రంగులుండటం వల్ల అదొక్కటే కంటికి ఆనింది.

ఆదివారం అందరం క్లబ్‌హౌస్‌లోనే కూర్చున్నాం. సంపాదకురాలు కూడా కారు నడుపుకుంటూ వచ్చారు. చుట్టుపక్కల కాంప్లెక్సుల నుంచి కూడా పెద్దవాళ్ళు వచ్చారు. మాస్టారు ఇస్త్రీ పంచెలో ముందు వరసలో కూర్చుని, తనను తాను చూసుకోవడానికి సిగ్గుపడుతూ నేల చూస్తున్నారు. ఆ పద్యం వచ్చింది. రాగం ఎక్కింది, దిగింది. టీవీలో జనం వన్స్ మోర్ అనకముందే గదిలో జనం అనేశారు. టీవీలోని మాస్టారు తలవంచి మళ్ళీ పాడారు. గదంతా నవ్వులు, చప్పట్లు. నా పక్కన కూర్చున్న సంపాదకురాలు తన గడియారం చూసుకున్నారు. 4:40కి సరిగ్గా అయిందో లేదోనని. అయింది.

బయటికి వస్తుంటే మాస్టారు నన్ను పక్కకు పిలిచారు. కార్డు సంగతి అందరికీ తెలిసిపోయింది.

"చెల్లెమ్మా, దిగులు పడకు. అందరికీ చెప్పాను. మీ గైడ్ గడిలోనే టిక్కు పెడతాం. మన పేజీలు మనం కాపాడుకోమా?"

నిజంగా నా నోటిదాకా సరేనన్న మాట వచ్చింది. పది అడుగుల దూరంలో ఆవిడ కారు తాళం తీస్తున్నారు. మాస్టారితో, మీకు సమయం ఎలా తెలిసిందో అదే పెట్టండి అన్నాను. పాడినవారికి తెలియకపోవడమేమిటి, నాకు స్టేషనువాళ్ళే ఫోన్‌లో చెప్పారు అన్నారు. అయితే మూడో గడి అన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "నువ్వూ డ్రిల్లు మాస్టరువే" అని వెళ్ళిపోయారు.

కార్డులు వచ్చాయి. అనుకున్నట్టే చాలావాటిలో టిక్కు రెండో గడిలో ఉంది. కొందరు పక్కన పెన్నుతో రాశారు, గైడ్‌లో తప్పు పడిందని. ఆవిడ వాటిని ఉన్నవి ఉన్నట్టు మేనేజరుకు చూపించారు. సమయం ఎందుకు మారిందో, వారపత్రికకు చెప్పింది ఎవరో మేనేజరుకు తెలుసు. ఆవిడ అది గుర్తుచేసి ఉంటే లెక్క వేరుగా చూసేవారేమో. ఆవిడ ఆ ఊసు ఎత్తలేదు. అడిగిన ప్రశ్నకు జనం జవాబు చెప్పారు, అంతే అన్నారు. తెలుగు పేజీలు ఆగిపోయాయి. ఆ ఏడాది చివర్లో ఆవిడ కూడా రిటైరయ్యారు.

ఆగిపోయిన నెలలోనే వారపత్రిక అబ్బాయి మా ఇంటికి వచ్చాడు. చేతిలో ఆ బుధవారం మూసే కొట్టు మిఠాయి పెట్టె. కాఫీ తాగుతూ చెప్పాడు. ఆ మొదటి పేజీ వరస చూసి అతని నాన్నగారు ఫోన్ చేశారట, ఇన్నాళ్ళకు నీ పత్రికలో నమ్మదగిన ముక్క ఒకటి చూశానని. అతను అడిగింది ఏమిటంటే, పబ్లిక్ చానెల్ కార్యక్రమాలకు తన పత్రికలో వారం వారం ఒక పేజీ ఇస్తాడు, నేను రాయాలి, గైడ్‌లో రాసినట్టే.

"స్టార్స్ లేకుండానా?" అన్నాను.

"స్టార్స్ లేకుండా."

ఆవిడకు ఫోన్ చేసి అడిగాను. ఆ పత్రిక మీద ఆవిడకు అధికారం లేదు, నాకు అనుమతీ అక్కరలేదు. అయినా అడిగాను. ఆ పేజీలో ప్రకటన ఉండకూడదు అన్నారు. అది అతనికి చెబితే తల గీరుకుని, సగం పేజీ అయితే ఓకే అన్నాడు. సగం పేజీకి ఒప్పుకున్నాం.

ఇప్పుడు ప్రతి వారం ఆ సగం పేజీ నేనే రాస్తున్నాను. పైనా కిందా గీత, మధ్యలో నలుపు అక్షరాలు. కరివేపాకు పక్కన నిలబడి జనం ముందుగా ఆ పేజీయే తిప్పి చూసుకోవడం నా కళ్ళతో చూశాను. అందులో నా గొప్ప ఏమీ లేదు. ఆవిడ నేర్పిన పద్ధతే. చూడకుండా రాయను. పిలవను. పొగడను. రాయడానికి జరిగిన విషయం ఏముందా అని వెతుకుతాను, అది దొరక్కపోతే కార్యక్రమం రెండోసారి చూస్తాను.

శుక్రవారం ఉదయం ఆవిడకు ఆ పత్రిక పోస్టులో అందుతుంది. చందా కట్టి తెప్పించుకుంటున్నారు, ఉచితంగా పంపుతానంటే వద్దన్నారట. అక్షరాలు చదవలేరు గాని అంకెలు చదవగలరు. స్టేషను షెడ్యూలు పక్కన పెట్టుకుని ప్రతి సమయాన్నీ సరిచూస్తారు. మొన్న ఫోన్ వచ్చింది.

"మూడో వరసలో 7:30 అని ఉంది. 7:00 కదా?"

లేచి వెళ్ళి చూశాను. ఆవిడ చెప్పిందే నిజం. ముందు తప్పు ఒప్పుకున్నాను, తరువాత అది ఎలా జరిగిందో చెప్పాను, ఆ తరువాత ధన్యవాదాలు చెప్పాను.